పథ్యం పేరుతో పస్తు పెట్టకండి!

క్లోమ గ్రంథి క్యాన్సర్ ఆపరేషన్ తరువాత ఆహారం

“ఆపరేషన్ అయిపోయింది. ఇక పథ్యం ఏమిటి డాక్టరుగారూ?”

పెద్ద ఆపరేషన్ చేయించుకుని ఇంటికి చేరిన రోగి తాలూకు మనుషులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. మన ఇళ్ళలో పథ్యం అంటే ఒకటే అర్థం - ఏమేమి మానాలి? పప్పు వాతం చేస్తుందంటారు. పెరుగు తింటే కుట్లు చీము పడతాయంటారు. గుడ్డు వేడి అంటారు. నూనె, నెయ్యి సంగతి సరేసరి. ఇలా ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరకు రోగి కంచంలో మిగిలేది రెండు ఇడ్లీలు, ఇంత చారన్నం, ఒక బన్నురొట్టె, గ్లాసుడు బార్లీ నీళ్ళు.

చిన్న ఆపరేషన్ అయితే ఈ పథ్యంతో నాలుగు రోజులు గడిపినా మనిషి తట్టుకుంటాడు. కానీ క్లోమ గ్రంథికి క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ చేయించుకున్న రోగికి మాత్రం ఈ పథ్యమే పెద్ద ప్రమాదం. ఎందుకో, మరి ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో ఈ వారం తెలుసుకుందాం.

బాన్సువాడ వంటి ఊళ్ళలో ఈ ఆపరేషన్ జరగదు. హైదరాబాదులో నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులకు వెళ్ళాల్సిందే. అక్కడ రోగి ఉండేది, అంతా సవ్యంగా జరిగితే, పది పదిహేను రోజులు. ఆ తరువాత నెలల తరబడి ఉండేది ఇంట్లోనే. ఆపరేషన్ ఖర్చుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆదుకుంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు కూడా. కానీ ఇంటికి వచ్చాక పూటపూటకూ రోగికి ఏం పెట్టాలన్నది ఏ పథకమూ చూడదు. అది ఇంటివారి చేతిలోని పని.

క్లోమం చేసే పని ఏమిటి?

జీర్ణకోశానికి వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డంగా ఒదిగి ఉండే గ్రంథి క్లోమం. డాక్టర్లు పాంక్రియాస్ అంటారు. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. బరువు 100 గ్రాములకు లోపే. చూడడానికి ఇంత చిన్నదైనా రెండు పెద్ద పనులు చేస్తుంది.

మొదటిది, రోజుకు సుమారు లీటరున్నర జీర్ణరసాన్ని తయారుచేసి చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి వదలడం. ఈ రసంలో కొవ్వును విడగొట్టే ఎంజైము ఉంది. దాని పేరు లైపేజ్. మాంసకృత్తులను విడగొట్టేవి, పిండిపదార్థాన్ని విడగొట్టేవి కూడా ఉన్నాయి. ఈ రసం లేకపోతే మనం తిన్న నెయ్యి నెయ్యిగానే బయటకు పోతుంది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1840ల చివర్లో కుందేళ్ళ మీద పరిశోధనలు చేసి, కొవ్వు అరగడంలో క్లోమరసానిదే ముఖ్యపాత్ర అని చూపించాడు.

రెండవది, రక్తంలోకి ఇన్సులిన్ వదిలి చక్కెరను అదుపులో పెట్టడం. ఇది మన పాఠకులకు తెలిసిన సంగతే.

క్లోమం తలభాగాన్ని ఆనుకునే కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే గొట్టం పోతుంది. అక్కడ గడ్డ లేస్తే ఆ గొట్టం నొక్కుకుపోతుంది. కళ్ళు పచ్చబడతాయి. మూత్రం ముదురు రంగుకు మారుతుంది. మలం తెల్లమట్టిలా పాలిపోతుంది. ఒళ్ళంతా దురద పెడుతుంది. వీటికి తోడు ఆకలి పోయి మనిషి చిక్కిపోతాడు. కామెర్లకు పసరు మందు అంటూ వారాలు గడపకుండా ఈ దశలోనే కడుపు స్కానింగ్ చేయిస్తే కొందరికైనా ఆపరేషన్‌కు అవకాశం దక్కుతుంది.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

గడ్డ తలభాగంలో ఉంటే చేసే ఆపరేషన్ పేరు విపుల్ ఆపరేషన్. న్యూయార్క్‌లోని శస్త్రవైద్యుడు ఆలెన్ విపుల్ 1935లో దీనిని గురించి ప్రకటించాడు. అంతకు ముందే 1909లో బెర్లిన్‌లో వాల్టర్ కౌష్ అనే వైద్యుడు ఇటువంటి ఆపరేషన్ చేశాడు.

ఆ రోజుల్లో దీనిని రెండు విడతలుగా చేసేవారు. కామెర్లు ముదిరిన రోగికి రక్తం గడ్డకట్టదు. కోస్తే ఆగని రక్తస్రావం. పైత్యరసం ప్రేగులోకి దిగక ఆహారంలోని ‘కె’ విటమిన్ ఒంటబట్టకపోవడమే దానికి కారణమని తరువాత తేలింది. ‘కె’ విటమిన్ ఇవ్వడం తెలిశాక, 1940లో విపుల్ ఆపరేషన్ అంతా ఒకే విడతలో చేయగలిగాడు. చూశారా, ఈ ఆపరేషన్ చరిత్రలోనే పోషకాహారానికి ఎంత చోటుందో!

ఇందులో క్లోమం తలభాగాన్ని, ఆంత్రమూలాన్ని, పిత్తాశయాన్ని, పైత్యరసం గొట్టంలో కొంత భాగాన్ని, ఒక్కొక్కసారి జీర్ణకోశం చివరి భాగాన్ని కూడా తీసేస్తారు. తరువాత మిగిలిన క్లోమాన్ని, పైత్యరసం గొట్టాన్ని, జీర్ణకోశాన్ని - ఈ మూడింటినీ చిన్నప్రేగుకు అతుకుతారు. ఆరేడు గంటలు పట్టే పని ఇది. మూడు అతుకులూ మానాలి. మానడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. అవి ఆహారం నుంచే రావాలి.

తినడం వేరు, ఒంటబట్టడం వేరు

ఆపరేషన్ తరువాత మొదటి రోజుల్లో గుక్కెడు నీళ్ళు, తరువాత పలుచని ద్రవాలు, ఆపైన మెత్తని ఆహారం అలవాటు చేస్తారు. కొందరికి జీర్ణకోశం కొన్నాళ్ళు మొరాయిస్తుంది. తిన్నది కిందికి దిగక వాంతులవుతాయి. అటువంటివారికి సన్నని గొట్టం ద్వారా నేరుగా చిన్నప్రేగులోకి ఆహారం పంపుతారు. దాన్ని చూసి భయపడనవసరం లేదు. గొట్టంతోనే ఇంటికి పంపితే ఆసుపత్రిలో చెప్పిన ఆహారాన్నే, చెప్పిన వేగంతోనే పంపాలి. ముందూ వెనుకా కాచి చల్లార్చిన నీళ్ళతో గొట్టాన్ని శుభ్రం చేయాలి. తల కింద ఎత్తు ఉంచాలి.

అసలు చిక్కు ఇంటికి వచ్చి, నోటితో తినడం మొదలుపెట్టాక ఎదురవుతుంది. ఇంటివారు తరచుగా చెప్పే మాట ఇది - “మంచిగనే తింటుండు సారూ. అయినా మనిషి ఎండిపోతుండు.”

తింటున్నవాడు ఎందుకు ఎండిపోతున్నాడు? క్లోమంలో తలభాగం పోయింది. మిగిలిన భాగం ఊరించే రసం చాలదు. ఊరిన రసమైనా మునుపటిలా ఆహారంతో సమయానికి కలవదు. అంచేత తిన్నది అరగదు. అరగనిది ఒంటబట్టదు.

దీనిని కనిపెట్టడానికి పెద్ద పరీక్షలు అక్కరలేదు. మలాన్ని గమనిస్తే చాలు. చెప్పుకోవడానికి సిగ్గుపడతారు గాని ఇది చాలా విలువైన సమాచారం. మలం పాలిపోయి, ఎక్కువ మొత్తంలో, జిడ్డుగా, భరించలేని వాసనతో ఉంటుంది. నీళ్ళు పోసినా దొడ్డిలో అంటుకుపోతుంది. నీళ్ళ మీద నూనె తెట్టులా కనబడుతుంది. కడుపు ఉబ్బరం, గుడగుడలు, తిన్న కాసేపటికే విరేచనం ఉంటాయి. ఇవన్నీ చూసి ఇంటివారు, “నూనె పడటం లేదు, పాలు పడటం లేదు” అని అవి కూడా ఆపేస్తారు. విరేచనాలు తగ్గినట్టే ఉంటాయి. మనిషి మాత్రం వారం వారం తగ్గిపోతుంటాడు.

తిన్నది ఒంటబట్టని జబ్బు ఎంత పని చేస్తుందో తెలుగువారికి తెలియనిది కాదు. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రజ్ఞుడు ఎల్లాప్రగడ సుబ్బారావు సోదరుణ్ణి బలిగొన్నది ‘స్ప్రూ’ అనే ఇటువంటి వ్యాధే. 1940లలో అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం తరువాత ఆ వ్యాధిగ్రస్తులకు మందయింది. ఒంటబట్టకపోవడానికి కారణం వెతికి సరిచేయాలి గాని, తిండి తగ్గించడం దానికి మందు కాదు.

క్యాప్సూల్ - అన్నంతోపాటే

కొరవడిన క్లోమరసాన్ని క్యాప్సూళ్ళ రూపంలో ఇవ్వవచ్చు. వీటిలో ఉండేది ప్యాంక్రియాటిన్ అనే ఎంజైముల మిశ్రమం. ఈ ఆపరేషన్ అయినవారిలో చాలామందికి ఇవి అవసరమవుతాయి. దురదృష్టవశాత్తూ వీటిని వాడవలసిన తీరులో వాడేవారు తక్కువ. చాలా ఇళ్ళలో వీటిని గ్యాస్ గోలీ అనుకుని పొద్దున్నే పరగడుపున ఒకటి మింగించి ఊరుకుంటారు. పరగడుపున మింగితే ఆ మందుకు అరిగించడానికి అక్కడ ఏముంది? డబ్బు దండగ తప్ప.

ఈ నియమాలు గుర్తుంచుకోండి.

1. క్యాప్సూల్‌ను మొదటి ముద్దతో వేసుకోవాలి. రెండు వేసుకోమంటే ఒకటి మొదట్లో, ఒకటి భోజనం మధ్యలో వేసుకోవాలి. భోజనం ముగిసిన గంటకు వేసుకుంటే ప్రయోజనం తక్కువ.

2. భోజనానికే కాదు, పాలు, గుడ్డు, పల్లీలు, ఉప్మా వంటి ప్రతి చిరుతిండికీ వేసుకోవాలి. వట్టి నీళ్ళకు, పాలు కలపని టీకి, పండు ముక్కకు అక్కరలేదు.

3. మోతాదును లైపేజ్ యూనిట్లలో లెక్కిస్తారు. సాధారణంగా పెద్ద భోజనానికి 40 నుంచి 50 వేల యూనిట్లు, చిరుతిండికి 20 నుంచి 25 వేల యూనిట్లతో మొదలుపెడతారు. చాలకపోతే డాక్టరు పెంచుతారు. క్యాప్సూళ్ళు 10 వేలవి, 25 వేలవి ఉంటాయి. డబ్బా మీద అంకె చూసుకోండి. ఆసుపత్రిలో 25 వేలది రాస్తే, ఊళ్ళో దొరికిన 10 వేలది అదే లెక్కన వేసుకోవడం పొరపాటు.

4. నమలకూడదు. వేడి వేడి పాలల్లో, టీలో విప్పి కలపకూడదు. మింగలేనివారు క్యాప్సూల్ విప్పి, లోపలి గుళికలను ఒక చెంచా అరటిపండు గుజ్జులో కలిపి వెంటనే మింగి నీళ్ళు తాగాలి.

5. చల్లని చోట దాచాలి. ఎండాకాలంలో పొయ్యి పక్క అలమరలో, మోటారు సైకిల్ డబ్బాలో ఉంచితే మందు బలం పోతుంది.

6. మందుల దుకాణంలో అడగగానే ఇచ్చే మామూలు అరుగుదల సిరప్పులు వీటికి బదులు కావు.

ఇంకొక విషయం దాచకుండా చెప్పాలి. ఈ ఎంజైములను పంది క్లోమం నుంచి తీస్తారు. ముస్లిం సోదరులకు, శాకాహారులకు ఇది ఇబ్బంది కలిగించే సంగతే. మరో మార్గం లేనప్పుడు ప్రాణరక్షణకు మందుగా వాడడంలో తప్పు లేదని చాలామంది మతపెద్దలు చెబుతారు. మీరు నమ్మే పెద్దలను అడగండి. తెలియకుండా వేసి, తరువాత తెలిసి రోగి మనసు కష్టపెట్టుకుని మానేయడం కన్నా మొదటే చెప్పి ఒప్పించడం మంచిది.

ఎంత తినాలి?

ఇలాంటి రోగికి రోజుకు కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీల శక్తి, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల మనిషికి సుమారు 1,500 కేలరీలు, 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు.

ఇప్పుడు మన పథ్యం లెక్క చూద్దాం. రెండు ఇడ్లీలు, ఒక కొబ్బరి బొండం, చిన్న గిన్నెడు చారన్నం, టీలో రెండు బిస్కెట్లు, రాత్రికి పలుచని గంజి. అంతా కలిపినా 700 కేలరీలు దాటదు. మాంసకృత్తులు 15 గ్రాములు కూడా ఉండవు. అంటే కావలసినదాంట్లో సగానికన్నా తక్కువ శక్తి, నాలుగో వంతు మాంసకృత్తులు. మిగతాది శరీరం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? తన కండనే కరిగించుకుంటుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు ఆహార పదార్థాల్లో ఏమేమి ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టి పట్టికలు ప్రచురించింది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ ఇది. 2017 నాటి ఆ పట్టికల ప్రకారం 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, పల్లీల్లో సుమారు 24 గ్రాములు, కోడి మాంసంలోను, రవ్వ చేపలోను సుమారు 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఒక గుడ్డుకు 6 గ్రాములు. ఒక గ్లాసు గేదె పాలకు 7 గ్రాములు. వీటిలో ఖరీదైన డబ్బా పొడి ఒక్కటీ లేదని గమనించండి. నిజాంసాగర్ నీళ్ళు పారే మా బాన్సువాడ పరిసరాల్లో బియ్యం, పాలు, చేపలు, గుడ్లు ఏ ఊళ్ళో అయినా దొరికేవే.

రోజుకు ఏడు సార్లు

జీర్ణకోశం ఇప్పుడు మునుపటి అంత పట్టదు. కాబట్టి మూడు పూటలా కంచం నిండా పెట్టి “తిను, తిను” అని బలవంతం చేస్తే వాంతి చేసుకుంటాడు. కొంచెం కొంచెంగా, రెండు రెండున్నర గంటలకొకసారి పెట్టాలి. మాదిరికి ఒక రోజు పట్టిక ఇస్తున్నాను.

ఉదయం 6.30 - గ్లాసు పాలు. అందులో రెండు చెంచాల రాగి మాల్టు వేసి కాచవచ్చు.

8.30 - రెండు ఇడ్లీలు, మెత్తగా రుబ్బిన పల్లీ పచ్చడి, ఉడికించిన గుడ్డు.

11.00 - కప్పు గట్టి పెరుగు, ఒక అరటిపండు.

మధ్యాహ్నం 1.00 - మెత్తగా వండిన అన్నం, ముద్దపప్పు, చెంచాడు నెయ్యి, సొరకాయ లేదా బీరకాయ కూర, చివర పెరుగు. గిన్నెల కొద్దీ చారు పోసి కడుపు నింపకండి.

4.00 - పాలలో ఉడికిన సేమ్యా, లేదా మరొక గుడ్డు, లేదా మెత్తగా ఉడికించిన పెసరపప్పు.

7.00 - అన్నం లేదా మెత్తని పుల్కా, కారం తగ్గించి వండిన చేప లేదా కోడి మాంసం. శాకాహారులకు పనీరు లేదా పప్పు.

9.30 - గ్లాసు పాలు.

ఈ లెక్కన సుమారు 70 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. వీటిలో ప్రతి దానికీ డాక్టరు చెప్పిన మోతాదులో క్యాప్సూల్ ఉండాలి. ముద్దలతోపాటు నీళ్ళు ఎక్కువ తాగితే కడుపు నిండిపోతుంది. అందుకని నీళ్ళు భోజనానికి భోజనానికి నడుమ తాగించండి. తిన్న వెంటనే పడుకోబెట్టకండి. ఇంట్లోనే అయినా సరే, రోజూ కొంచెం కొంచెం నడిపించండి. తిన్న మాంసకృత్తులు కండగా మారాలంటే కండకు పని ఉండాలి.

మొదటి కొన్ని వారాలు జొన్నరొట్టె, మక్క గటక, పచ్చి కూరగాయల ముక్కలు, గట్టి గింజలు తగ్గించండి. ఇవి చెడ్డవని కాదు. చిన్న కడుపును త్వరగా నింపేస్తాయి. తరువాత మెల్లమెల్లగా చేర్చవచ్చు. వేపుళ్ళు, బజ్జీలు ఒక్కసారిగా పెట్టకండి. నూనె, నెయ్యి పూర్తిగా మానేయకండి. ఒక చెంచా నెయ్యిలో సుమారు 45 కేలరీలుంటాయి. దానిని ప్రతి పూటా కొంచెంగా పంచి పెట్టండి.

రుచి తెలియడం లేదని రోగి అంటే కోపగించుకోకండి. చప్పిడి తిండి పెట్టడం వల్ల ఆకలి ఇంకా చస్తుంది. చింతపండు పులుపు, కొత్తిమీర, జీలకర్ర, కొంచెం ఉప్పూకారం తగిలిస్తే నోటికి హితవుగా ఉంటుంది. నలుగురూ కూర్చుని తినేటప్పుడు అతనినీ పక్కన కూర్చోబెట్టుకోండి.

చక్కెర సంగతి

క్లోమంలో కొంత పోయింది కనుక కొందరికి కొత్తగా మధుమేహం వస్తుంది. అంతకు ముందే ఉన్నవారికి ఎక్కువ కావచ్చు. క్లోమం మొత్తం తీసేసినవారికి ఇన్సులిన్ తప్పనిసరి. ఈ మధుమేహం మామూలు దానివంటిది కాదు. క్లోమం పోతే చక్కెరను తగ్గించే ఇన్సులిన్‌తోపాటు, తగ్గిన చక్కెరను మళ్ళీ పెంచే గ్లూకగాన్ కూడా తగ్గిపోతుంది. అందువల్ల చక్కెర అకస్మాత్తుగా పడిపోయే ప్రమాదముంది.

చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగి, మాట తడబడితే వెంటనే మూడు నాలుగు టీ చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. 108కి ఫోను చేయండి. షుగర్ వచ్చిందని అన్నం పూర్తిగా మాన్పించకండి. ఈ నెలల్లో తిండి తగ్గించి చక్కెర అదుపు చేయడం కాదు, తిండికి తగినట్టు మందు సరిచేయించుకోవాలి. ఇన్సులిన్ వేసుకుని తినకుండా ఉండడం అన్నిటికన్నా అపాయం.

ఇక విటమిన్లు. కొవ్వు ఒంటబట్టకపోతే దానితో కలిసి వెళ్ళే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా ఒంటబట్టవు. ఇనుమును ముఖ్యంగా పీల్చుకునేది ఆంత్రమూలం. దానిని తీసేశారు కనుక రక్తహీనత రావచ్చు. బి-12, కాల్షియం లోపాలు కూడా చూస్తాం. చీకట్లో చూపు ఆనకపోవడం, ఎముకల నొప్పులు, చిగుళ్ళ నుంచి రక్తం, విడవని నీరసం ఉంటే డాక్టరుకు చెప్పండి. రక్తపరీక్షలు చేయించి, లోపాన్ని బట్టి మందులు రాస్తారు.

కొన్ని సందేహాలు

పాలు, గుడ్లు, మాంసం పెడితే క్యాన్సర్ గడ్డ మళ్ళీ పెరుగుతుందా?

ఇది చాలామంది మనసులో ఉండే భయం. దీనికి ఆధారం లేదు. రోగిని పస్తు పెడితే గడ్డ మాడదు, మనిషి మాడిపోతాడు. అలాగని ఏ ఆహారమూ క్యాన్సర్‌ను నయం చేయదు. ఫలానా ఆకు రసం, ఫలానా పండు తింటే చాలు, వేరే వైద్యం అక్కరలేదని చెప్పేవారి మాటలు నమ్మి మోసపోకండి.

కొంచెం కల్లు తాగితే బలమంటారు. ఇవ్వవచ్చా?

వద్దు. కల్లు, సారా, బ్రాందీ ఏదైనా క్లోమానికి, కాలేయానికి శత్రువే. బీడీ, సిగరెట్లు కూడా పూర్తిగా మానాలి. క్లోమ క్యాన్సర్‌కు రుజువైన కారణాల్లో పొగ తాగడం ఒకటి. బీడీలు చుట్టే ఇళ్ళు మా జిల్లాలో వేలల్లో ఉన్నాయి. చుట్టేది జీవనం కోసం. కాల్చవలసిన పని లేదు.

ఉపవాసాలు, రోజాలు ఉండవచ్చా?

కోలుకునే నెలల్లో ఉండకూడదు. ఇన్సులిన్ వాడేవారు అసలే ఉండకూడదు. జబ్బుపడినవారికి ఏ మతమైనా మినహాయింపు ఇస్తుంది.

క్యాప్సూళ్ళ ఖర్చు భరించలేకపోతున్నాం. ఒక పూట మానవచ్చా?

ఆ పూట పెట్టిన పాలు, గుడ్డు, నెయ్యి ఖర్చు కూడా నీళ్ళపాలైనట్టే. మీ అంతట మీరు తగ్గించకుండా ఆ మాట డాక్టరుకే చెప్పండి. తక్కువ ధరకు దొరికే దారి ఏదైనా ఉంటే వెతకవచ్చు. చెప్పకుండా మానేస్తే కారణం తెలియక వైద్యం దారి తప్పుతుంది.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతుంటే, చలిజ్వరంతో కళ్ళు మళ్ళీ పచ్చబడితే, మలం తారులా నల్లగా వస్తే లేదా రక్తం కక్కితే, భరించలేని కడుపు నొప్పి వస్తే, కుట్ల నుంచి చీము గాని ద్రవం గాని కారితే, ఒక కాలు వాచి నొప్పి పెడితే, ఊపిరి ఆడకపోతే - తెల్లవారనిద్దాం అనుకోవద్దు. దగ్గరి ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఇచ్చిన కాగితాలు వెంట ఉంచుకోండి.

బరువు పుస్తకం

ఇంటివారంతా చేయగలిగిన పని ఒకటుంది. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. వారానికొకసారి, ఒకే రోజున, ఒకే త్రాసు మీద, పొద్దున్నే దొడ్డికి వెళ్ళి వచ్చాక రోగి బరువు చూసి రాయండి. ఇంట్లో త్రాసు లేకపోతే ఆరోగ్య ఉపకేంద్రంలో చూస్తారు. పక్కనే ఆ వారం విరేచనాలు ఎలా ఉన్నాయో, రోజుకు ఎన్ని క్యాప్సూళ్ళు వేసుకున్నదీ, చక్కెర ఎంత ఉన్నదీ రాయండి. ఆపరేషన్ తరువాత మొదట్లో కొన్ని కిలోలు తగ్గడం మామూలే. కానీ ఇంటికి వచ్చాక కూడా బరువు నిలబడక నెలకు రెండు మూడు కిలోల చొప్పున పోతుంటే అది హెచ్చరిక. తరువాతి తేదీ దాకా ఆగకుండా ఆ పుస్తకం పట్టుకుని డాక్టరును కలవండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ క్యాన్సర్‌కు ఆపరేషన్‌తో వైద్యం ముగియదు. కంటికి కనబడని క్యాన్సర్ కణాలు మిగిలి ఉండవచ్చు. వాటి కోసం సాధారణంగా 12 వారాల లోపు కీమోథెరపీ మొదలుపెట్టి సుమారు 6 నెలల పాటు ఇస్తారు. జబ్బు తిరిగి రాకుండా ఉండే అవకాశాన్ని పెంచేది ఇదే. అది తీసుకోవాలంటే రోగి లేచి తిరగగలగాలి. ఒంట్లో సత్తువ ఉండాలి. మంచం పట్టిన మనిషికి, రక్తం లేక, కండ లేక పాలిపోయిన మనిషికి ఆ మందు ఇవ్వడానికి డాక్టర్లు వెనుకాడతారు. ఇస్తే తట్టుకోలేడు. ఇవ్వకపోతే జబ్బు ఊరుకోదు. అంత పెద్ద ఆపరేషన్ గట్టెక్కినవారు కొందరు ఇక్కడికి వచ్చి ఆగిపోతున్నారు.

ఇది మొండి జబ్బు. ఎంత చేసినా అందరినీ దక్కించుకోలేం. అయినా మిగిలిన వైద్యం పూర్తిగా అందుకునే అవకాశం ప్రతి రోగికీ ఉండాలి. ఆ అవకాశం చాలావరకు ఇంటివారి చేతిలోనే ఉంది. కనుక ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు “ఏమేమి మానాలి?” అని అడగకండి. “ఏమేమి పెట్టాలి, ఎంత పెట్టాలి, క్యాప్సూల్ ఎప్పుడు వేయాలి?” అని అడగండి. చెప్పింది ఆ పుస్తకంలోనే రాసుకోండి.